తీసుకోబడదు

ఛత్తాబజారులో ఇరవై రెండేళ్లుగా
బిల్లు పుస్తకాలు అచ్చేస్తున్నాను.
కింది అంతస్తు పెళ్లి పత్రికలది, పైది మాది.
పైన దుకాణం పేరు, మధ్యలో గళ్లు,
అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో
ఎప్పుడూ ఆ ఒక్క వాక్యం:
అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

ఎన్ని వేలసార్లు కూర్చానో.
దీర్ఘాలు ఉన్నాయా, చివర చుక్క పడిందా, అంతే.
చదవడం నా పనిలో లేదు.

మొన్న కోఠిలో ఫ్రిజ్ కొన్నాం.
పదిహేడు వేల ఆరు వందలు,
సులోచన ఎత్తిన చిట్టీ మొత్తం.
సైదాబాద్ దాకా ట్రాలీ ఆటోలో
గుంత వచ్చినప్పుడల్లా దాన్ని కావలించుకుంటూ వచ్చాను.
మూడో రోజు తెల్లారేసరికి
దోసెల పిండి మూతను నెత్తిన పెట్టుకుని బయటికొచ్చింది.
పాలు విరిగాయి.
లోపలి దీపం మాత్రం తలుపు తీసినప్పుడల్లా
ఏమీ ఎరగనట్టు వెలుగుతోంది.

కొన్న రోజు చాయ్ తెప్పించిన మనిషి
ఇవాళ తలెత్తలేదు.
"కంపెనీకి ఫోన్ చేసుకోండి పెద్దమనిషీ.
మాది అమ్ముడు వరకే."
బిల్లు నా వైపు తిప్పి
అడుగున వేలు పెట్టాడు.
ఆ వేలి కింద నా వాక్యం.
మా మెషీన్ మీద 'డ' ఎప్పుడూ కొంచెం అలుక్కుంటుంది.
అలుక్కునే ఉంది.

ఆ రాత్రి మొదటిసారి చదివాను.
తీసుకోబడదు.
ఎవరు తీసుకోరు?
మా ఇంట్లో ఎవరం ఇట్లా మాట్లాడం.
అన్నం తినబడింది అనం.
అప్పు తీర్చబడదు అని
చిట్టీల వీరమణి ముందు ఒక్కసారి అని చూడండి!
మనిషి జారుకోవడానికి
క్రియకు దొడ్డిదారి పెట్టారు.
ఆ తలుపుకు సిరా పూసింది నేనే.

కంపెనీ పిల్లాడు వచ్చాడు, ఇంతియాజ్.
వెనక రేకు విప్పి, పైపు తడిమి,
"ఇది వచ్చుడే పగిలొచ్చింది చాచా,
గ్యాస్ ఎప్పుడో పోయింది" అన్నాడు.
మరి కాగితం మీద?
"వోల్టేజీ అని రాయమంటరు పైనోళ్లు."
పెన్ను గాలిలో ఆగింది.
సులోచన ఏమీ అడగలేదు.
కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది.
తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.
తయారీ లోపం, అని రాశాడు.
పూర్తి పేరుతో సంతకం, కింద ఫోన్ నంబరు.
ఇంత చిన్న వాక్యం కింద
ఒక మనిషి నిలబడటం
నేను అచ్చులో ఎన్నడూ చూడలేదు.

నాంపల్లిలో, వినియోగదారుల కమిషన్ మెట్ల దగ్గర
అర్జీలు రాసిచ్చే ఆమె బిల్లు చూసి నవ్వింది.
"అచ్చేసినంత మాత్రాన చట్టమైతదా?
చెడిపోయిన సరుకు వెనక్కి తీసుకోమనుడే తప్పు.
ఈ ముక్క చెల్లదు. మూడు సెట్లు జిరాక్స్ తెండి."
చెల్లదు.
దాంట్లో కూడా 'దు' ఉంది,
కానీ ఎదురుగా నిలబడి అన్న 'దు' అది.

వాయిదా వచ్చే నెల పద్దెనిమిది.
అందాకా ఫ్రిజ్‌లో ఉల్లిగడ్డలు, కరెంటు బిల్లులు,
ఇంతియాజ్ రాసిన కాగితం.
పాలు పక్కింటి జుబేదా దగ్గర.

నిన్న కోఠి నుంచి ఆర్డరొచ్చింది,
అదే దుకాణం, యాభై పుస్తకాలు.
ఎప్పటిలాగే వెయ్యి అన్నాడు మా సేఠ్.
పేరు కూర్చాను, గళ్లు కూర్చాను.
అడుగుకొచ్చేసరికి చెయ్యి నిలిచింది.
సేఠ్‌కు ముగ్గురు పిల్లలు, నాకు నెల జీతం,
అవి కూడా గుర్తొచ్చాయి, అబద్ధమెందుకు.
అయినా కూర్చాను:
చెడిన సరుకు మేము వాపసు తీసుకుంటాము.
'మేము' దగ్గర ఒత్తు లేదు, దీర్ఘం లేదు అనుకుంటూ
రెండుసార్లు దిద్దాను. మే-కు ఉంది దీర్ఘం.

పొద్దున ప్రూఫు కోఠికి పంపాను.
పొద్దుగూకింది.
ఇంకా వాపసు రాలేదు.